జపాన్ సహోద్యోగికి రోజువారీ ఇంగ్లీష్: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నిషికసాయ్ నివాసి

అందరికీ నమస్తే. నాది టోక్యోలో ఐటీ ఉద్యోగం. మా టీమ్‌లో ఒక జపాన్ సీనియర్ ఉన్నారు. ఇక్కడివాళ్లు పిలిచినట్టే సెంపాయ్ అంటాను. టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 850 దాటిన మనిషి. ఇంగ్లీష్‌లో వచ్చే స్పెసిఫికేషన్లు నాకంటే శ్రద్ధగా చదువుతారు, మెయిల్ రాస్తే వెతికినా తప్పు దొరకదు. నోరు తెరిచి మాట్లాడాల్సి వచ్చేసరికి మాత్రం బిగుసుకుపోతారు.

మొన్న జరిగింది చెబుతాను. మా ఆస్ట్రేలియా సహోద్యోగి హడావిడిగా వచ్చి "ఐయామ్ స్వాంప్డ్ టుడే. కెన్ యు ఫిల్ ఇన్ ఫర్ మి ఎట్ త్రీ?" అన్నాడు. సెంపాయ్ వెంటనే పెన్ను తీసి "ఏ ఫారం?" అని అడిగారు. ఫిల్ ఇన్ అంటే ఆయనకి తెలిసింది దరఖాస్తు నింపడమే. స్వాంప్ అంటే చిత్తడి నేల అని కూడా తెలుసు. పని నెత్తిన పడింది, మూడింటి మీటింగ్‌లో నా బదులు కూర్చుంటావా అని అడుగుతున్నాడని మాత్రం అందలేదు. అతను నవ్వి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. వెక్కిరింపుగా ఏమీ నవ్వలేదు, అయినా ఆ రోజంతా సెంపాయ్ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయన బ్యాగులో ఎప్పుడూ ఒక పదాల పుస్తకం ఉంటుంది. అర్థాలు ఎర్ర సిరాతో అచ్చువేసి ఉంటాయి. పైన ఎర్రటి ప్లాస్టిక్ షీట్ పెడితే అర్థం మాయమై పదం ఒక్కటే కనిపిస్తుంది. రైల్లో ఆ షీట్‌ని ఒక్కో వరుసా కిందికి జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ చదువుతారు. అంచులు నలిగి మెత్తబడిపోయాయి. అంత కష్టపడే మనిషి ఇలా ఇబ్బంది పడుతుంటే బాధేస్తోంది.

ఇప్పుడు కొత్తగా ఇడియమ్స్ పుస్తకం కొన్నారు. మొదట్లోనే "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్", అంటే కుండపోత వాన. లంచ్ టైములో కాసేపు కూర్చుని నేర్పమని నన్ను అడిగారు. కాదనలేను, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. జపాన్ వాళ్లకి ఇంగ్లీష్ ఎక్కడ అడ్డం తగులుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఒసాకా పాతకాపు

ముందు ఆ ఇడియమ్స్ పుస్తకం అటకెక్కించమనండి. కుక్కలూ పిల్లుల వాన గురించి ఇంగ్లీష్ వాళ్లు ఇప్పుడు పెద్దగా మాట్లాడుకోరు. "ఇట్స్ పోరింగ్" అంటారు, అంతే.

850 వచ్చింది కదా అని మీరు ఆశ్చర్యపడుతున్నారు గానీ ఆ పరీక్ష ఏమిటో చూడండి. జపాన్ వ్యాపార వర్గాలు కోరితే అమెరికాలోని ఈటీఎస్ అనే పరీక్షల సంస్థ తయారుచేసింది, 1979లో ఇక్కడే మొదలైంది. 200 ప్రశ్నలు, రెండు గంటలు, 990 మార్కులు. 45 నిమిషాలు వినడం, 75 నిమిషాలు చదవడం. నోరు తెరవాల్సిన పని లేదు. మాట్లాడే పరీక్ష వేరే ఉంది, కంపెనీల్లో ప్రమోషన్‌కి ఎక్కువమందిని అడిగేది మాత్రం ఈ గళ్లు నింపే దాన్నే. ఆన్‌లైన్ వ్యాపార సంస్థ రకుటెన్ అధిపతి మికితాని 2010లో కంపెనీ భాష ఇంగ్లీషే అని ప్రకటించి 2012 కల్లా అమల్లో పెట్టారు కదా, అప్పుడు కూడా ఉద్యోగుల్ని కొలిచింది టోయిక్ మార్కులతోనే.

దానికి ముందు బడి. కాలేజీ ప్రవేశ పరీక్షల కోసం ఒక ఇంగ్లీష్ మాటకి ఒక జపనీస్ మాట జతచేసి వేల పదాలు బట్టీ పడతారు. పిల్లల బడుల్లో 5, 6 తరగతులకి ఇంగ్లీష్ పూర్తి సబ్జెక్టు అయింది 2020లోనే. మీ సెంపాయ్ ఆ తరం కాదు. ఆయన బుర్రలో "సస్టెయినబిలిటీ" పదిలంగా ఉంటుంది, "గెట్" మాత్రం "సంపాదించు" అన్న ఒక్క అర్థంతో కూర్చుని ఉంటుంది. రోజువారీ ఇంగ్లీష్ అంతా ఆ గెట్, పుట్, టేక్, రన్, కమ్ అనే చిన్న మాటల మీదే నడుస్తుంది. పెద్ద మాటలు ఆయనకి వచ్చేసినట్టే, చిన్నవాటితోనే మొదలుపెట్టండి.

శ్రీసిటీ దుబాసీ

నమస్తే అండి. నేను శ్రీసిటీలో జపాన్ ఇంజనీర్లకీ మన కుర్రాళ్లకీ మధ్య మాట మోసే పని చేస్తుంటాను. ఒసాకా గారు చెప్పింది నిజమే గానీ, నా అనుభవంలో అంతకంటే ముందు తగిలే రాయి ఇంకొకటుంది. వాళ్లకి తెలియని ఇంగ్లీష్ కంటే తెలుసనుకున్న ఇంగ్లీషే ఎక్కువ చిక్కులు తెస్తుంది.

జపనీస్‌లో ఇంగ్లీష్ నుంచి తెచ్చుకుని తమకు కావాల్సిన అర్థం పెట్టుకున్న మాటలు బోలెడు. కతకనా లిపిలో రాస్తారు, వసేయ్-ఎయిగొ అంటారు, జపాన్‌లో తయారైన ఇంగ్లీష్ అని. కొన్సెంతొ అంటే గోడకుండే ప్లగ్ పాయింట్. మన్షొన్ అంటే మామూలు అపార్ట్‌మెంట్ ఫ్లాట్. సుమాతొ అంటే సన్నగా నాజూగ్గా ఉండటం, తెలివితో సంబంధం లేదు. కన్నింగు అంటే పరీక్షలో కాపీ కొట్టడం. బైకింగు అంటే బఫే భోజనం, 1958లో టోక్యో ఇంపీరియల్ హోటల్‌లో పెట్టిన వైకింగ్ రెస్టారెంట్ పేరు అలా నిలిచిపోయింది.

మా దగ్గర జరిగింది ఒకటి. ఒక ఇంజనీర్ మెయిల్‌లో "క్లెయిమ్ ఫ్రమ్ కస్టమర్" అని రాశాడు. జపనీస్‌లో కురేము అంటే ఫిర్యాదు. ఒక డోరు మీద గీత పడింది చూసుకోండి అని కస్టమర్ చెప్పాడు, అంతకుమించి ఏమీ లేదు. మన అకౌంట్స్ వాళ్లు ఎంత డబ్బు కట్టాలో అని హడలిపోయి ఇన్సూరెన్స్ ఫైళ్లు బయటికి తీశారు. సాయంత్రం దాకా నడిచింది ఆ గొడవ. "కంప్లెయింట్" అని ఒక్క మాట మార్చి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

ఇంకోటి. లైను మీద పని జోరుగా సాగుతుంటే మా జపాన్ మేనేజర్ గారు మన కుర్రాళ్ల భుజం తట్టి "హై టెన్షన్!" అన్నారు. మెచ్చుకోలు అది. వాళ్ల టెన్షన్ అంటే హుషారు. మన టెన్షన్ సంగతి మీకు తెలిసిందే. పిల్లలు పని ఆపేసి ఏం తప్పు జరిగిందా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అందుకని నేను కొత్తగా వచ్చే ఇంజనీర్లందరిచేతా ఒక నోటుపుస్తకం పెట్టిస్తాను. రోజూ వాడే కతకనా మాటల్లో ఇంగ్లీష్‌లోనూ అదే అర్థమిచ్చేవి ఒకవైపు, దారి తప్పించేవి ఒకవైపు. వాళ్లు సరదాగా రాస్తారు, ఎందుకంటే మాటలు ముందే వచ్చు. మీ సెంపాయ్ గారికి మొదటి వారం ఇదే ఇవ్వండి.

యోకోహామా విద్యార్థి

ఒసాకా అన్నా, ఇడియమ్స్ అక్కర్లేదంటే నేనొప్పుకోను. పుస్తకాల్లో ఉండే పాతవి వద్దు, సరే. మరి ఆఫీసులో అమెరికావాళ్లు మాటకి ముందు "బాల్‌పార్క్ ఫిగర్" చెప్పు, రేపు "టచ్ బేస్" చేద్దాం (ఒకసారి మాట్లాడుకుందాం), క్లయింట్ "కర్వ్‌బాల్" వేశాడు (అనుకోని మెలిక పెట్టాడు) అంటుంటే ఆయన ఏం చెయ్యాలి?

పైగా ఇవన్నీ బేస్‌బాల్ మాటలు. జపాన్‌కి బేస్‌బాల్ 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ టీచర్ తెచ్చాడు, అప్పట్నుంచి వీళ్ల నరనరానా ఉంది. మనం క్రికెట్ చూసి పెరిగాం కాబట్టి "స్టంప్డ్" అంటే దిమ్మతిరిగి నోట మాట రాలేదని ఎవరూ చెప్పకుండానే ఊహించుకుంటాం. వాళ్లకి బేస్‌బాల్ మాటలు అలాగే ఎక్కుతాయి. నా రూమ్మేట్‌కి బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు లెక్క అని ఒక్కసారే చెప్పాను, మళ్లీ అడగలేదు.

అక్కా, మీ సెంపాయ్ తడబడిన ఆ ఫిల్ ఇన్ కూడా అంతే. జపనీస్‌లో పించి హిత్తా అని మామూలు మాటల్లో వాడతారు. ఆటలో ఒకడి బదులు ఇంకొకడు బ్యాటింగ్‌కి దిగడం, ఆఫీసులోనూ ఒకరి బదులు ఇంకొకరు పనిలోకి దిగడం. "ఫిల్ ఇన్ ఫర్ మి అంటే మీరు నా పించి హిత్తా" అని చెప్పి చూడండి.

కాకపోతే ఒక జాగ్రత్త. వీళ్ల బేస్‌బాల్ మాటలు కొన్ని వీళ్లు సొంతంగా చేసుకున్నవి. నైతా అంటే రాత్రి పూట ఆట, దెద్దొబోరు అంటే బంతి బ్యాటర్ ఒంటికి తగలడం. అమెరికావాడి దగ్గర "డెడ్ బాల్" అంటే వేరే అర్థం.

ఒసాకా పాతకాపు

తమ్ముడూ, పించి హిత్తా సంగతి బావుంది, ఒప్పుకుంటున్నా. కానీ వింటే అర్థం కావడం వేరు, నోటితో వాడటం వేరు. కర్వ్‌బాల్ లాంటివి ఆయనకి అర్థమైతే చాలు. వాడమని ఒత్తిడి పెట్టొద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇడియమ్ వాడాలన్న తాపత్రయంలో అసలు చెప్పాల్సింది మర్చిపోతారు. "గెట్ బ్యాక్ టు యు", "రన్ అవుట్ ఆఫ్", "ఫిగర్ అవుట్", "పుట్ ఆఫ్" ఇవి నోటికి రావాలి. రోజుకి పదిసార్లు అవసరపడేవి ఇవి.

కుమమోతో కోడలు

నమస్కారం. నేను జపాన్ అమ్మాయిని. పుట్టింది కుమమోతోలో, పెళ్లి చేసుకుని విశాఖపట్నం వచ్చాను. తెలుగు రాయడం అత్తయ్య నేర్పించారు. తప్పులుంటే చెప్పండి. ఈ విషయం చూసి రాయకుండా ఉండలేకపోయాను.

నిషికసాయ్ గారి సెంపాయ్ నాకు బాగా అర్థమవుతారు. నేను కూడా ఎర్ర షీట్‌తోనే చదివాను. అందరూ మా భయం గురించి మాట్లాడతారు, సిగ్గు గురించి మాట్లాడతారు. అవి ఉన్నాయి. కానీ భాషలోనే ఒక పెద్ద తేడా ఉంది, అది నాకు తెలుగు నేర్చుకున్నాకే తెలిసింది.

జపనీస్‌లో "నవ్వు" అనడానికి ఒక క్రియ చాలు, వరౌ. ఎలా నవ్వారో చెప్పడానికి ముందు ఒక ధ్వని మాట పెడతాం. నికొనికొ అంటే చిరునవ్వు. కుసుకుసు అంటే చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వడం. గెరగెర అంటే పగలబడి నవ్వడం. నడకకీ అంతే, క్రియ ఒక్కటే, అరుకు. సుతసుత అంటే చకచకా. బురబుర అంటే పని లేకుండా షికారుగా. తొబొతొబొ అంటే ఈసురోమంటూ. యొరొయొరొ అంటే తూలుతూ.

ఇంగ్లీష్‌లో ఆ ధ్వని మాట ఉండదు. నవ్వినా నడిచినా ఆ తీరు మొత్తం క్రియ లోపలికే వెళ్లిపోతుంది. స్మైల్, గిగిల్, గఫా. స్ట్రైడ్, స్ట్రోల్, ట్రజ్, స్టాగర్. మేము బడిలో "వాక్" ఒక్కటే బాగా నేర్చుకుంటాం. తర్వాత మనసులో తొబొతొబొ అని ఉంటుంది, ఇంగ్లీష్‌లో దానికి చోటు దొరకదు. "హీ వాక్డ్" అని ఆగిపోతాం. చెప్పాలనుకున్నది సగం లోపలే ఉండిపోతుంది. అందుకే మేము ఇంగ్లీష్‌లో మాట్లాడితే మనిషి పొడిగా ఉన్నట్టు అనిపిస్తాం.

విశాఖ వచ్చిన కొత్తలో అత్తయ్య ఫోన్లో ఎవరితోనో "వాడు గబగబా తినేసి చకచకా వెళ్లిపోయాడు" అన్నారు. అర్థం పూర్తిగా తెలియకపోయినా నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. మా భాషలాగే ఉంది అనుకున్నాను! తళతళ, మిలమిల, గుసగుస, అన్నీ మాకూ ఉన్నాయి. పికపిక, కిరకిర, హిసొహిసొ.

కాబట్టి నా సలహా ఇది. సెంపాయ్ గారిని ఇంగ్లీష్ పదం నుంచి జపనీస్‌కి వెళ్లమనకండి. ఆయన రోజూ వాడే ధ్వని మాటల నుంచి ఇంగ్లీష్ క్రియకి వెళ్లమనండి. వాన జాజా పడుతుంటే పోర్. శితొశితొ పడుతుంటే డ్రిజిల్. పిల్లవాడు యొచియొచి నడుస్తుంటే టాడిల్. ఆయనకి ముందే అనుభవంలో ఉన్నదానికి పేరు దొరుకుతుంది. నాకు ఇంగ్లీష్‌లో ఊపిరాడింది ఈ దారిలోనే.

నిషికసాయ్ నివాసి

కోడలు గారూ, మీ తెలుగులో దిద్దడానికేమీ లేదు. మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేనూ ఇంగ్లీష్ మీడియంలో చదివి, గిగిల్, చకల్ మధ్య తేడా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు మన కిసుక్కున, ముసిముసిగా పక్కన పెట్టి చూస్తుంటే నాకే స్పష్టంగా తెలుస్తోంది. ఈ పద్ధతైతే సెంపాయ్‌తో నేనూ నేర్చుకోవచ్చు.

ఒక సందేహం. సామెతల సంగతేమిటి? ఆయన ఇడియమ్స్ పుస్తకం పూర్తిగా మాన్పిస్తే నొచ్చుకుంటారేమో.

శ్రీసిటీ దుబాసీ

మాన్పించక్కర్లేదండి. జపనీస్‌లో ముందే ఉన్నవాటితో సరిపోయేవి ఏరి ఇవ్వండి. ఇస్సెకి నిచొ అంటే ఒకే రాయికి రెండు పిట్టలు, అది ఇంగ్లీష్ నుంచే వాళ్ల భాషలోకి వచ్చింది, ఆయనకి కష్టమే ఉండదు. "పీస్ ఆఫ్ కేక్"కి వాళ్ల దగ్గర అసమెషి-మయె ఉంది, పొద్దున్న టిఫిన్‌కి ముందే అయిపోయే పని అని. ఇలాంటివి ఒక పది చాలు, పుస్తకాన్ని గౌరవించినట్టూ ఉంటుంది.

తెనాలి మాస్టారు

అమ్మా, నేను రిటైరైన ఇంగ్లీష్ మాస్టార్ని. జపాన్ ఎప్పుడూ వెళ్లలేదు. కానీ మీ చర్చకి సంబంధించిన వస్తువు ఒకటి నా బల్ల మీద ఉంది, బహుశా మీలో చాలామంది ఇళ్లలో కూడా ఉండి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. అది పుట్టింది జపాన్‌లో అని ఎంతమందికి తెలుసు?

హెరాల్డ్ పామర్ అనే ఆయన్ని జపాన్ విద్యాశాఖ 1922లో పిలిపించుకుంది. మరుసటి ఏడాది టోక్యోలో ఇంగ్లీష్ బోధన మీద పరిశోధన సంస్థ పెట్టారు. 1924లో ఏ.ఎస్. హార్న్‌బీ అనే యువకుడు క్యూషూలోని ఒయితలో పాఠాలు చెప్పడానికి వచ్చి, తర్వాత పామర్‌తో కలిశాడు. జపాన్ విద్యార్థులు ఏ మాట పక్కన ఏ మాట వేయాలో తెలియక తడబడుతుంటే అలా జతగా వచ్చే మాటలన్నీ పోగుచేశారు, 1933లో వాటి మీద ఒక నివేదిక వేశారు. ఆ పనే పెరిగి పెరిగి నిఘంటువైంది. హార్న్‌బీ, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ ముగ్గురూ కలిసి చేసిన ఆ నిఘంటువు 1942లో, యుద్ధం నడుస్తుండగా, టోక్యోలో అచ్చయింది. పేరు ఇడియమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్నే తిరిగి వేశారు. మనం తెనాలిలో, వరంగల్లో కూర్చుని చదువుకున్నది జపాన్ పిల్లల తడబాట్లు చూసి రాసిన పుస్తకాన్ని.

ఆ పేరులో ఇడియమాటిక్ అన్నది గమనించండి. హార్న్‌బీ దృష్టిలో అది కుక్కల వాన, పిల్లుల వాన కాదు. ఒక క్రియ తన తర్వాత ఏం కోరుకుంటుంది, ఏ మాటతో కుదురుతుంది అన్నది. ఆయన క్రియల్ని 25 నమూనాలుగా విడగొట్టి చూపించాడు. "ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్లాన్" అని జపాన్ వాళ్లూ అంటారు, మన పిల్లలూ అంటారు. "టెల్ మి" కుదిరినట్టు "ఎక్స్‌ప్లెయిన్ మి" కుదరదు. ఇలాంటిది అర్థం బట్టీపడితే రాదు, వాక్యంతో సహా నోటికి పట్టాలి. మీ సెంపాయ్ గారి ఎర్ర షీట్ పుస్తకాన్ని పారేయవద్దు. దాంట్లో ప్రతి పదం పక్కన ఆయనే, తన ఆఫీసు సంగతుల మీద, ఒక చిన్న వాక్యం రాసుకోవాలి. అది చాలు.

కుమమోతో కోడలు

మాస్టారు గారూ, ఒయిత మా పక్క ప్రిఫెక్చరే! మధ్యలో అసొ కొండ ఉంటుంది, అంతే. ఆ నిఘంటువు కాలేజీలో వాడాను, ఈ సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. చాలా సంతోషంగా ఉంది.

కవాగుచి గృహిణి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయి ఇక్కడి సర్కారు బడిలో మూడో తరగతి, వాళ్లకి ఇంగ్లీష్ పాటలూ ఆటలూ మొదలయ్యాయి. వాడి స్నేహితుల అమ్మలు నాతో ఇంగ్లీష్‌లో మాట్లాడాలని ఆశపడతారు. "హౌ ఆర్ యు" అంటే చాలు, అందరూ ఒక్కలాగే "ఐయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యు?" అని ఆగిపోతారు. ఆ తర్వాత ముందుకి కదలదు. దానికేమైనా దారుందా?

ఒసాకా పాతకాపు

ఆ వాక్యం వాళ్లకి బడిలో అచ్చుగుద్దినట్టు నేర్పిస్తారు. మీరు వేరే ప్రశ్నతో మొదలుపెట్టండి. "డిడ్ యు వాక్ హియర్?" "ఈజ్ దట్ న్యూ?" లాంటివి. అచ్చు జవాబు లేని ప్రశ్న అడిగితే సొంత మాట వస్తుంది.

ఇంకోమాట, వినడం గురించి ఎవరూ అనలేదు. రాసినట్టు పలకరని వాళ్లకి ముందే చెప్పాలి. జపాన్‌లో అందరికీ తెలిసిన ఒక తమాషా వాక్యం ఉంది: "హొత్త ఇమొ ఇజిరు నా". తవ్విన దుంపని కెలక్కు అని అర్థం. దాన్ని గబగబా అంటే "వాట్ టైమ్ ఈజ్ ఇట్ నౌ" అన్నట్టు వినిపిస్తుంది. బడిలో నేర్చుకున్న "హొవత్తొ తైము ఇజు ఇత్తొ నౌ" కంటే ఇదే అమెరికావాడికి తొందరగా అర్థమవుతుంది. జపనీస్‌లో దాదాపు ప్రతి హల్లుకీ ఒక అచ్చు కావాలి, అందుకే విడివిడిగా సాగదీస్తారు. ఇంగ్లీష్‌లో మాటలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

ఈ చెవి పాఠం కొత్తదేం కాదు. తొసా ప్రాంతపు జాలరి కుర్రవాడు మంజిరొ 1841లో తుఫానుకి కొట్టుకుపోయి, అమెరికా తిమింగలాల వేట ఓడ ఎక్కి మసాచుసెట్స్ చేరాడు. 1851లో తిరిగొచ్చాడు. 1859లో ఇంగ్లీష్ సంభాషణ పుస్తకం రాసినప్పుడు తన చెవికి వినిపించింది వినిపించినట్టే జపనీస్ కనా అక్షరాల్లో పెట్టాడు. అతను మొదట నేర్చుకుంది పుస్తకం చూసి కాదు కదా, ఓడ మీద మనుషుల నోటి నుంచి. సెంపాయ్ గారిచేత ఇదే చేయించండి. ఒక అర నిమిషం ఆడియో, కాగితం చూడకుండా, విన్నది విన్నట్టు పలకడం. ఆ తర్వాతే కాగితం.

యోకోహామా విద్యార్థి

షాడోయింగ్ అని ఇక్కడ ఎలాగూ చాలామంది చేస్తారు, కాబట్టి ఆయనకి అలవాటై ఉండొచ్చు.

అక్కా, చిన్న మాటలు ఏరుకోవడానికి ఒక జాబితా ఉంది, న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్. టోక్యో మెయిజీ గాకుఇన్ యూనివర్సిటీలో పనిచేసే చార్లెస్ బ్రౌన్, ఇంకో ఇద్దరు కలిసి 2013లో తెచ్చారు. సుమారు 2800 పదాలు, మామూలు ఇంగ్లీష్ రాతలో నూటికి 90కి పైగా ఇవే ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఉచితం. సెంపాయ్‌కి వీటిలో చాలావరకు "తెలుసు" అనిపిస్తుంది. ప్రతిదానికీ ఎన్ని వాడుకలు తెలుసో అడగండి, అప్పుడు అసలు పని ఎక్కడుందో బయటపడుతుంది.

శ్రీసిటీ దుబాసీ

వాడుకలు అంటే గుర్తొచ్చింది. నేను రోజూ వినేవి కొన్ని రాస్తున్నా. మీ సెంపాయ్ గారి నోట్లోనూ ఉంటాయి, చూడండి.

"ఐ విల్ ఫినిష్ అన్‌టిల్ ఫ్రైడే." వాళ్లకి మదె, మదెని అని రెండున్నాయి, మనకి "వరకు", "కల్లా" ఉన్నట్టే. ఇంగ్లీష్‌కి వచ్చేసరికి రెండూ అన్‌టిల్‌లోకి వెళ్లిపోతాయి. శుక్రవారం కల్లా అంటే "బై ఫ్రైడే". డెడ్‌లైన్ల దగ్గర ఈ ఒక్కటి సరిదిద్దితే ఎంత గందరగోళం తగ్గుతుందో చెప్పలేను. దీన్ని మాత్రం ఎప్పుడు విన్నా అక్కడికక్కడే ఆపి చెబుతాను.

"కెన్ ఐ బారో యువర్ టాయిలెట్?" జపనీస్‌లో అలాగే అడుగుతారు, మర్యాద అది. "యూజ్" అనాలి. "ప్లీజ్ టీచ్ మి యువర్ ఫోన్ నంబర్." ఒషియెరు అనే ఒకే క్రియతో పాఠమూ చెబుతారు, నంబరూ చెబుతారు. "ఐ ప్లేడ్ విత్ మై ఫ్రెండ్" అని యాభై ఏళ్లాయన అంటే, స్నేహితుడితో కలిసి సరదాగా గడిపానని. "హంగ్ అవుట్" అనమని చెప్పాలి. "మై రూమ్ ఈజ్ నారో" అంటే గది ఇరుకు అని. ఇది మనకి వెంటనే అర్థమవుతుంది, ఇంగ్లీష్‌వాడు మాత్రం పొడుగాటి నడవా లాంటి గది ఊహించుకుంటాడు. "స్మాల్" చాలు.

వీటిలో ఒక్కటీ తెలివితక్కువ తప్పు కాదు. ప్రతిదాని వెనకా వాళ్ల భాషలో సరైన వాక్యం ఉంది. ముందు ఆ వాక్యాన్ని గౌరవించి, ఆ తర్వాత ఇంగ్లీష్‌లో ఇలా అంటారని చెబితే ఎంత పెద్దాయనైనా వింటారు.

నిషికసాయ్ నివాసి

ఇవాళ మొదటిసారి కూర్చున్నాం. దుబాసీ గారి నోటుపుస్తకం ఇచ్చాను. ఆయనే చకచకా ఒక పేజీ నింపేశారు. బెబీకా అంటే పిల్లల్ని తోసే బండి, హొచ్చికిసు అంటే స్టేప్లర్, కాగితం మీద రాయడమే కాదు, చేతులతో చూపిస్తూ చెప్పారు. తర్వాత ధ్వని మాటలు. నేను లేచి కేఫెటేరియాలో ఈసురోమంటూ నాలుగడుగులు వేశాను. "తొబొతొబొ" అన్నారు. "ట్రజ్" అన్నాను. ఆయన లేచి తూలుతూ నడిచారు! ఆఫీసులో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి "యొరొయొరొ! వాట్ ఈజ్ ఇట్ ఇన్ ఇంగ్లీష్?" అని పెద్దగా అడిగారు. పక్క టేబుల్ వాళ్లు "స్టాగర్" అని అందించారు. ఇలా ఇంకెన్ని అడిగారో. నాకు తెలియనివి మూడు ఫోన్లో వెతకాల్సి వచ్చింది.

ఒక కొత్త చిక్కు. మీటింగుల్లో ఎవరు ఏం చెబుతున్నా సెంపాయ్ "యెస్, యెస్" అంటుంటారు. వాళ్లు ఒప్పుకున్నారనుకుంటారు. "డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ది విండో" అంటే కూడా "యెస్" అంటారు, అభ్యంతరం ఉందనుకుని అవతలివాళ్లు కిటికీ వదిలేస్తారు. దీనికేం చేయాలి?

తెనాలి మాస్టారు

మనమూ అంతేనమ్మా. "కాఫీ తాగలేదా?" అంటే "ఊఁ, తాగలేదు" అంటాం. ఎదుటివాడి మాట నిజమేనని ఆ ఊఁ. ఇంగ్లీష్‌లో నో అనాలి, తాగలేదు కనక. జవాబు ప్రశ్నని బట్టి కాకుండా జరిగినదాన్ని బట్టి.

కుమమోతో కోడలు

రెండూ వేర్వేరు సంగతులు, విడిగా చెబుతాను.

మొదటిది అయిజుచి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే హయ్, హయ్ అంటూ ఉండటం. మీరు కథకి ఊ కొట్టినట్టే. వింటున్నాను అని అర్థం, ఒప్పుకున్నాను అని కాదు. మేము ఊ కొట్టకుండా ఉండలేం, అది మొరటుతనం అనిపిస్తుంది. కాబట్టి మానమని చెప్పకండి, మాట మార్చమనండి. "యెస్" స్థానంలో "రైట్", "ఐ సీ", "ఓహ్, రియల్లీ?", "గాట్ ఇట్". ఇవి పదాల పుస్తకాల్లో ఉండవు, ఉన్నా ఎవరూ ఎర్ర సిరాతో వేయరు. నాకు ఇంగ్లీష్‌లో మొదట సొంతమైన మాటలు ఇవే. వీటితో ఆలోచించుకోవడానికి టైము కూడా దొరుకుతుంది. నిజంగా ఒప్పుకుంటే అప్పుడు "యెస్, లెట్స్ డు దట్" అని పూర్తిగా అనాలి. ఒప్పుకోకపోతే "ఐ సీ. కెన్ ఐ థింక్ అబౌట్ ఇట్?"

రెండోది డు యు మైండ్. దాని లెక్క చెబితే మా వాళ్లు నేర్చుకుంటారు, కానీ మాట్లాడేటప్పుడు లెక్క కట్టే టైముండదు. అందుకని యెస్, నో రెండూ వదిలేయమనండి. కిటికీ తెరవడం ఇష్టమైతే "షూర్, గో అహెడ్". ఇష్టం లేకపోతే "యాక్చువల్లీ, ఐయామ్ ఎ బిట్ కోల్డ్". నేను అత్తయ్య వాళ్ల అమెరికా బంధువులతో ఇప్పటికీ ఇలాగే మాట్లాడుతాను. రేపు లంచ్‌లో మీరు పదిసార్లు పది వేర్వేరు విషయాలకి డు యు మైండ్ అని అడగండి, ఆయన గబగబా ఈ రెండిట్లో ఏదో ఒకటి అనాలి. ఎల్లుండి ఆయన్ని అడగనివ్వండి, మీరు జవాబు చెప్పండి.